పాదాలు కదిలేదాకా

మా అక్కకు మత్తు ఇవ్వబోయే డాక్టరమ్మ అక్కను ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోబోదు కూడా. ఆమె ఎక్కడో పెద్ద నగరంలో ఒక గదిలో తెరల ముందు కూర్చుని ఉంటుంది. మా ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల పక్కన ఒక పంపు ఉంటుంది. రోగి నుదుటికి అంటించిన పట్టీ మెదడు ఎంత మెలకువగా ఉందో ఒక అంకెలో చెబుతుంది. ఆ అంకెను చూసుకుంటూ పంపు తనంతట తానే మందు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ఏ అంకె దగ్గర ఆగాలో డాక్టరమ్మ అక్కడి నుంచే చెబుతుంది. కావాలంటే పంపును పూర్తిగా తన చేతిలోకి తీసుకోగలదు.

ఇదంతా మాకు విడమరిచి చెప్పింది రిపీట్ సిస్టర్. ఆపరేషన్ గదిలో డాక్టరమ్మకు చేతులూ కళ్ళూ ఆవిడే. డాక్టరమ్మ ఏ మాట చెప్పినా సిస్టర్ దాన్ని పైకి తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి కదపాలి. అంత దూరం నుంచి వచ్చే మాట మధ్యలో ముక్కలైతే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఆ రూలు పెట్టారు. అది ఆవిడకు ఎంత అలవాటైపోయిందంటే, నాన్న "రెండు టీలు పట్టుకొస్తానమ్మా" అన్నా "రెండు టీలు" అని తలూపేది. అందుకే ఆసుపత్రిలో అందరూ ఆవిడను అలా పిలుస్తారు. ఆవిడా పలుకుతుంది.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. బడిలో వేయకముందే జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. అది చాలదన్నట్టు పన్నెండో ఏట నుంచి వెన్నెముక ఒక పక్కకు వంగడం మొదలైంది. ఇప్పుడు కుడి భుజం చెవిని అందుకోబోతున్నట్టు ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం. అయినా ఇంట్లో పెత్తనమంతా తనదే. నాన్న తనను దొరసాని అంటాడు. అమ్మ మా ఇద్దరి గురించి ఎవరు అడిగినా ఒకే మాట చెబుతుంది: "నాకు ఇద్దరు కూతుళ్ళండీ. ఒకదానికి చెవులు లేవు, ఇంకోదానికి నోరు లేదు."

నోరు లేనిదాన్ని నేను. కొత్తవాళ్ళ ముందు నా మాట గొంతులోనే ఉండిపోతుంది. తరగతిలో హాజరు పిలిస్తే పక్కమ్మాయి నా బదులు "ఉందండీ" అనేది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ తెర మీద కనబడి మాతో మాట్లాడింది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఇటు మా పక్కన, ఆపరేషన్ చేసే మా ఊరి ఎముకల డాక్టరు గారు నిలబడి ఉన్నారు. ఆవిడ అడిగిన ప్రశ్నలకు అమ్మ జవాబులు చెబుతోంది. నేను వాటిని అక్క అరచేతిలో వేలితో రాస్తున్నాను. మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచి అదే మాట్లాడుకునే పద్ధతి.

"ఆ అమ్మాయి చేతిలో ఏం రాస్తోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"వాళ్ళక్కకి వినపడదు కదా మేడమ్, అందుకని," అంది అమ్మ.

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "వినపడదా? కాగితాల్లో 'కొద్దిగా చెవుడు' అని ఉంది."

"కొద్దిగా ఏంటండీ, అస్సలు వినపడదు," అన్నాడు నాన్న. "వెనకాల లారీ హారన్ కొట్టినా తిరిగి చూడదు."

 అప్పుడు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. వంగిన ఎముకను కడ్డీలతో సరిచేసేటప్పుడు లోపలున్న నరాలు లాగుకుపోవచ్చు. అలా లాగుకుంటే కాళ్ళు పడిపోతాయి. అది వెంటనే తెలిస్తే కడ్డీ వదులు చేసి కాళ్ళు కాపాడవచ్చు. అందుకని ఆపరేషన్ మధ్యలో మత్తు తేలిక చేసి, మనిషిని సగం మేల్కొలిపి, "చెయ్యి బిగించు, పాదాలు కదుపు" అని అడుగుతారు. కదిపితే మళ్ళీ నిద్రపుచ్చి పని ముగిస్తారు. నరాలను పరీక్షించే మెషిన్ మా ఆసుపత్రిలో లేదు. కాబట్టి ఉన్న దారి అదొక్కటే.

"ఈ అమ్మాయి బోర్లా పడుకుని ఉంటుంది. కళ్ళకు టేపు వేస్తాం. చెవులు పనిచేయవు. నోట్లో గొట్టం. నేను అడిగింది తనకు ఎలా తెలుస్తుంది? ఆ పరీక్ష లేకుండా నేను మత్తు ఇవ్వను. మెషిన్ ఉన్న పెద్దాసుపత్రికి పంపండి."

"అక్కడ వరస వచ్చేసరికి వచ్చే ఏడాది అవుతుంది మేడమ్," అన్నారు ఎముకల డాక్టరు గారు. "అప్పటికి ఊపిరితిత్తి ఇంకా నలుగుతుంది. అప్పుడు ఎవరూ ముట్టుకోరు."

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క నా చెయ్యి కుదిపింది. ఏమంటున్నారు? ఏమంటున్నారు? నేను రాయలేదు. 

"నేను లోపలికొస్తాను," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అన్నాను. ఈసారి నాన్న నావైపు తిరిగాడు.

"ఏంటమ్మా?"

"నేను లోపల ఉండి అక్క చేతికి చెబుతాను. మా ఇద్దరికీ సైగలున్నాయి. చూడక్కర్లేదు, వినక్కర్లేదు."

"దీనికి వేలు తెగితేనే కళ్ళు తిరుగుతాయండీ," అంది అమ్మ డాక్టరమ్మతో. "దీన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి."

"నెత్తురు కనబడకుండా తెర కడతారు," అంది డాక్టరమ్మ. ఆవిడ నన్నే చూస్తోంది. "కానీ నాకో చిక్కుంది. పాదాల దగ్గర వెలుతురు తక్కువ. కెమెరాలో నాకు సరిగ్గా కనబడవు. నువ్వు చూసింది చూసినట్టు నాకు వినపడేలా చెప్పాలి. కదిలితే కదిలిందని, కదలకపోతే కదల్లేదని. అక్క కదా అని కల్పించి చెప్పావో, అక్కకే అన్యాయం చేసినట్టు. ఇప్పుడు నువ్వన్నది నాకు సగమే వినపడింది."

"చెబుతాను."

"ఏమన్నావ్?"

"చెబుతానండీ!"

రిపీట్ సిస్టర్ అలవాటు కొద్దీ "చెబుతానండీ" అంది. నాన్న నవ్వాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. వారం రోజులు సాధన చేయించి చూస్తానంది. అప్పటికీ నచ్చకపోతే వద్దంటానంది.

నాన్న పాల వ్యాను నడుపుతాడు. ఆ వారమంతా పొద్దున్నే పాలు దించి వచ్చాక ఇంటి ముందు ఇంజను ఆపకుండా ఉంచేవాడు. వీధి చివర నిలబడి "కుడి కాలు కదిలిందా?" అని అరిచేవాడు. నేను ఇంజను మోతకు పైన వినపడేలా జవాబు చెప్పాలి. మొదటి రోజు ఎదురింటి అత్త తలుపు తీసి చూస్తే సిగ్గుతో లోపలికి పారిపోయాను. రెండో రోజు ఆవిడ చూస్తుండగానే అరిచాను. మూడో రోజు ఆవిడే గుమ్మంలో నిలబడి "అన్నయ్యా, మీ చిన్నదానికి ఏమైంది? కాలు కదిలింది కదిలింది అంటోంది, ఎవరి కాలు?" అని అడిగింది. నాన్న జవాబు చెప్పలేక నావైపు చూశాడు. నేనే చెప్పాను. చెప్పడం పూర్తయ్యేసరికి చెమటలు పట్టాయి కానీ చెప్పాను.

సైగలు ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందే కుదుర్చుకున్నాం. పాదం మీద తడితే సరిపోతుందేమో అన్నాను. "కాలికి స్పర్శ పోతే నువ్వు తట్టింది తనకేం తెలుస్తుంది? సైగ చేతి మీదే ఉండాలి. పొట్టిగా ఉండాలి. నేను తనను ఎక్కువసేపు తేలికగా ఉంచలేను," అంది ఆవిడ. బొటనవేలు నొక్కితే చెయ్యి బిగించాలి అనుకున్నాం. పాదాలకు మోచేతి మీద రెండు తట్లు. ఆ రెండు తట్లు కొత్తవి కావు. మేమిద్దరం ఒకే మంచం మీద పడుకుంటాం. అక్క కాళ్ళు నా వైపు చాపితే మోచేతి మీద రెండుసార్లు తడతాను. కాళ్ళు తియ్యి అని అర్థం. ఇంతకంటే తేలికగా ఎవరికి గుర్తుంటుంది?

అక్కను బోర్లా పడుకోబెట్టి కళ్ళకు గుడ్డ కట్టి చేసి చూశాం. తట్టిన ప్రతిసారీ రెండు పాదాలూ టకటకా ఆడించింది. డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆరోజు అక్క నా అరచేతిలో రాసింది: "కళ్ళు తిరిగి పడితే నా మీద పడకు."

ఆపరేషన్ రోజు నాకు ఆకుపచ్చ గౌను, టోపీ, ముక్కుకూ నోటికీ మాస్కు వేశారు. గౌను నాకు చాలా పెద్దది. సిస్టర్ వెనక ముడివేసి, పొడవాటి చేతులు మడిచింది. నన్ను బయటే ఉంచి, ఎముకల డాక్టరు గారి పని సగానికి వచ్చాక లోపలికి పిలిచారు.

గది చల్లగా ఉంది. అక్క ఆకుపచ్చ దుప్పట్ల కింద ఉంది. వీపు వైపు అడ్డంగా తెర కట్టారు. తెర అవతల ఎముకల డాక్టరు గారి టోపీ మాత్రం కనబడుతోంది. తల దగ్గర ఒక చిన్న డాక్టరు గొట్టం పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒక స్టూలు వేశారు. ముందు అక్క చెయ్యి, పక్కకు తిరిగితే పైకి ఎత్తి కట్టిన దుప్పటి కింద రెండు పాదాలు. గోళ్ళకు నేను వేసిన రంగు ముందురోజే సిస్టర్ తుడిపించేసింది. అక్కడక్కడా ఎర్రటి మరకలు మిగిలాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

"వచ్చావా?" అంది డాక్టరమ్మ గొంతు స్పీకర్లోంచి.

"వచ్చానండీ!" అని అరిచాను. చిన్న డాక్టరు ఉలిక్కిపడ్డాడు.

"మంచిది. మొదలుపెడుతున్నాం. లక్ష్యం అరవై."

"లక్ష్యం అరవై," అంది సిస్టర్.

పంపు మీద చిన్న మోటారు మోత మారింది. పక్కనున్న మానిటర్ మీద నలభై దాటిన అంకె మెల్లగా ఎక్కడం మొదలైంది. అంత దూరంలో ఎవరో వేలు కదిపితే ఇక్కడ నా ముందు మా అక్క నిద్ర పలచబడుతోంది. యాభై దాటింది. అరవై వచ్చింది.

"లక్ష్యం డెబ్భై అయిదు. నొప్పి మందు అలాగే ఉండనీ."

"డెబ్భై అయిదు. నొప్పి మందు అలాగే."

అక్క వేళ్ళు వణికాయి. "ఇప్పుడు చెయ్యి," అంది డాక్టరమ్మ.

నేను బొటనవేలు నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. అక్క వేళ్ళు నా వేళ్ళ మీద మూసుకున్నాయి.

"బిగించింది! చెయ్యి బిగించింది!"

"ఇంకోసారి అడుగు. సరే. ఇప్పుడు పాదాలు."

మోచేతి మీద రెండుసార్లు తట్టి పాదాల వైపు తిరిగాను. అవి కదల్లేదు. మళ్ళీ తట్టాను. ఎర్రటి మరకలున్న ఆ పది వేళ్ళూ బొమ్మ వేళ్ళలా ఉన్నాయి.

"ఏమైంది? మాట్లాడు."

 "కదల్లేదు," అన్నాను.

"వినపడలేదు."

"కదల్లేదండీ! రెండూ కదల్లేదు!"

తెర అవతల ఎముకల డాక్టరు గారి టోపీ కిందికి వంగింది. "చేతులు పనిచేస్తున్నాయి, కాళ్ళు పనిచేయడం లేదు. నేను కడ్డీ వదులు చేస్తున్నాను మేడమ్. వంపు వంపుగానే ఉండనీ, కాళ్ళైనా మిగులుతాయి."

"ఇంకొక్కసారి అడగనివ్వండి. అమ్మాయీ, మళ్ళీ."

మళ్ళీ తట్టాను. ఈసారి పాదాల వైపు తిరగలేదు. నా చేతి కిందే ఏదో జరిగింది. అక్క మోచెయ్యి బల్లకేసి గట్టిగా అదుముకుంది. ఆ అదుముడు నాకు తెలుసు. మంచం మీద కాళ్ళు తియ్యమని తట్టినప్పుడల్లా అక్క చేసేది అదే. మెలకువ వచ్చినా రానట్టు నటిస్తూ, మోచెయ్యి బిగించి, పక్కకు జరగకుండా మొండికేస్తుంది. ఇన్నేళ్ళలో నిద్రలో తట్టినందుకు ఒక్కసారి కూడా పక్కకు జరగలేదు. ఎన్నిసార్లు తడితే అంత బరువెక్కుతుంది. సాధనలో పూర్తి మెలకువలో ఉంది కాబట్టి పాదాలు ఆడించింది. ఇప్పుడు సగం నిద్రలో ఇంట్లో మంచం మీద ఉన్నాననుకుంటోంది.

"ఆగండి!" అన్నాను. "కడ్డీ తియ్యకండి. సైగ తప్పు."

"ఏమిటి తప్పు?" అన్నారు ఎముకల డాక్టరు గారు.

"అది నిద్రలో కాళ్ళు తియ్యమనే సైగండీ. నిద్రలో అడిగితే అక్క కావాలనే కదలదు. ఎప్పుడూ కదలదు. ఇప్పుడు మోచెయ్యి బిగించింది. నేను తట్టింది తనకు తెలిసింది. మొండికేస్తోంది."

ఎముకల డాక్టరు గారు తెర పైనుంచి నావైపు చూశారు.

"చూడమ్మా," అన్నారాయన. గొంతులో కోపం లేదు. "నీ బాధ నాకు తెలుసు. కానీ నువ్వనుకున్నది నిజం కాకపోతే, మనం ఆగినంతసేపూ నరం నలుగుతూనే ఉంటుంది."

"నిజం కాకపోతే అప్పుడు తియ్యండి. నన్ను ఒక్కసారి వేరేగా అడగనివ్వండి."

"వేరేగా అంటే?" అంది డాక్టరమ్మ.

"అరచేతిలో రాస్తాను. అక్షరాలు. అక్క రాత్రిళ్ళు చీకట్లో కూడా చదువుతుంది."

"సగం నిద్రలో చదవగలదా?"

"తెలీదండీ." అబద్ధం చెప్పాలనిపించలేదు. "కానీ రాస్తాను."

డాక్టరమ్మ గొంతు స్పీకర్లోంచి వెంటనే వచ్చింది. "సరే. డాక్టరు గారూ, కడ్డీ బిగించే రెంచి మీ చేతిలోనే ఉంచుకోండి. నేను చెప్పగానే వదులు చేయండి. సిస్టర్, తను మేల్కొంటోందని పంపు మందు పెంచేస్తుంది. ఇప్పుడు పెంచకూడదు. నేను నా చేతిలోకి తీసుకుంటున్నాను."

"పంపు మీ చేతిలో," అంది సిస్టర్.

"ఎనభై దాకా రానిస్తాను. అంతకు మించి కాదు. మించితే తను లేవబోతుంది. ఒకే మాట రాయి."

నా వేలు చెమటకు జారుతోంది. గౌనుకు తుడుచుకున్నాను. అక్క వేళ్ళు విప్పదీసి అరచేతి మధ్యలో పెద్దగా, నెమ్మదిగా రాశాను. డాక్టర్. తను ఉన్నది ఇంట్లో మంచం మీద కాదని ముందు తెలియాలి. అక్క వేళ్ళు నా వేలి చుట్టూ చటుక్కున మూసుకున్నాయి. చదవడం మొదలైతే అక్క అలాగే పట్టుకుంటుంది, నెమ్మదిగా రాయి అని.  "ఒకే మాట అన్నాను," అంది డాక్టరమ్మ. తలూపి, కెమెరా మా చేతుల మీదే ఉంది, ఆవిడకు తల కనబడదని గుర్తొచ్చి, "అలాగేనండీ" అని అరిచాను. మళ్ళీ విప్పదీసి రాశాను. కాళ్ళు. ళ కింద ళ ఒత్తు పెట్టేటప్పుడు వేలు జారింది. తుడిచి మళ్ళీ రాశాను. కాళ్ళు.

"డెబ్భై ఎనిమిది," అంది సిస్టర్.

పాదాల వైపు తిరిగాను. ఎడమ పాదం బొటనవేలు ఒక పక్కకు జరిగింది. తర్వాత ఐదు వేళ్ళూ విచ్చుకుని మళ్ళీ ముడుచుకున్నాయి.

"ఎడమది కదిలింది! ఎడమ పాదం!"

"కుడి?"

కుడి పాదం అలాగే ఉంది. సిస్టర్ నావైపు చూసింది.  రెండూ కదిలాయి అనేస్తే ఈ గదిలో అందరూ సంతోషిస్తారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది.

"కుడిది కదల్లేదండీ," అన్నాను గట్టిగా. "రాస్తున్నాను. ఆగండి."

"ఎనభై," అంది సిస్టర్.

"రెంచి బిగించి పట్టుకుని ఉన్నాను," అన్నారు ఎముకల డాక్టరు గారు.

కుడి, అని రాశాను. అక్క చెయ్యి లాక్కోబోయింది. వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ రాశాను. కుడి. కుడి. ఇంటి దగ్గర పోట్లాడేటప్పుడు రాసినంత గట్టిగా నొక్కి రాశాను.

కుడి పాదం మడమ దగ్గర్నుంచి ఒక్కసారిగా కిందికి తొక్కింది. దుప్పటి అంచు ఎగిరింది.

"కదిలింది! కుడి పాదం మొత్తం కదిలింది!"

"ఊరికే ఎగిరిందా, నువ్వు అడిగినందుకా? ఇంకోసారి అడుగు. రెండూ."

రాశాను. ఈసారి అక్క ఎక్కువసేపు తీసుకోలేదు. ముందు ఎడమ, తర్వాత కుడి.

"రెండూ కదిలాయండీ. అడిగాకే కదిలాయి."

"నాకు కూడా కొంచెం కనబడింది," అంది డాక్టరమ్మ. "డాక్టరు గారూ, కడ్డీ అలాగే ఉంచి బిగించండి. సిస్టర్, పంపును మళ్ళీ దాని పనికి వదులుతున్నాను. లక్ష్యం నలభై అయిదు."

"లక్ష్యం నలభై అయిదు," అంది సిస్టర్. 

మోటారు మోత మారింది. అంకె దిగడం మొదలుపెట్టింది. చిన్న డాక్టరు నావైపు తిరిగి, "ఇక నువ్వు బయటికెళ్ళొచ్చు" అన్నాడు.

"అంకె దిగేదాకా ఉంటాను."

ఆయన స్పీకరు వైపు చూశాడు. "ఉండనివ్వండి," అంది డాక్టరమ్మ.

డెబ్భై. అరవై రెండు. అక్క వేళ్ళు ఇంకా నా వేలిని పట్టుకుని ఉన్నాయి. చిటికెన వేలు ముందు వదులైంది. ఆ తర్వాత ఉంగరం వేలు. పంపులోంచి వచ్చే మందు ఒక్కొక్క వేలినీ విప్పుతూ పోతున్నట్టు అనిపించింది. యాభై దగ్గర చెయ్యి పూర్తిగా బరువెక్కి నా అరచేతిలో వాలిపోయింది. దాన్ని మెత్తటి దిండు మీద సరిగ్గా పెట్టి లేచాను. నా కళ్ళు తిరగలేదు.

బయట వరండా నిండా జనం. మందుల దుకాణం వరస ఒక పక్క, స్కానింగ్ వరస ఒక పక్క. అమ్మా నాన్నా దూరంగా గోడవారన బెంచీ మీద ఉన్నారు. నేను మాస్కు తీయకముందే అమ్మ లేచి నిలబడి, రాలేక అక్కడే ఆగిపోయింది.

"ఏమైందే?" అని అక్కడి నుంచే అడిగింది.

మాస్కు కిందికి లాగాను.

"కడ్డీ బిగిస్తున్నారమ్మా! రెండు కాళ్ళూ కదిపింది! నేను అడిగితే కదిపింది!"

వరసల్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి నావైపు చూశారు. చూడనీ అనుకున్నాను. నాన్న ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఇంకా కుట్లు పడాలి, అక్క లేవాలి, గొట్టం తీయాలి. నేను వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య కూర్చుని, ఎడమ పాదం ఎలా కదిలిందో, కుడిది ఎంత ఆలస్యంగా కదిలిందో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.